పది రోజుల గుర్తు

మేష్టారు పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత ఆఫీసు వాళ్ళ గ్రూపులో ఆయన ఫోటో, దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టి, ఫోను పక్కన పడేసి, కూరకి తాలింపు వేశాను. ఆవాలు మాడి కంపు కొట్టాక గాని నేనేం చదివానో నాకు ఎక్కలేదు. పొయ్యి ఆపేసి వంటింటి గడప మీద కూర్చున్నాను. మనిషి పోతే ఒక బొమ్మ నొక్కి ఊరుకున్నానే అని సిగ్గేసింది. ఆయన విషయంలో నాకు సిగ్గు కొత్త కాదు.

ఆయన పేరు రాయను. మేమెవరమూ ఆయన్ని పేరుతో పిలిచిందీ లేదు. విజయనగరంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి మా దగ్గరికి వచ్చారు గనక మేనేజరు దగ్గర్నించి ఆయా దాకా అందరికీ మేష్టారే. మాది ఒక ట్రస్టు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డయాలసిస్ సెంటర్లు నడిపేది. ఉద్దానం వైపు ఇంటికొకరు కిడ్నీ మనుషులుంటారని బయటివాళ్ళకి పేపర్లో చదివితే తెలుస్తుంది. మాకు బస్సెక్కితే తెలుస్తుంది. ఏ సెంటర్లో, ఏ రోజు, ఏ వేళకి, ఎవరి వంతు, ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలి, ఇదంతా ఒక డేటాబేసులో ఉండేది. దాని పెద్ద ప్రతి శ్రీకాకుళంలో మా ఆఫీసు వెనక గదిలో, రెండోది విజయనగరం సెంటరు మేడ మీద. ఒకటి పడిపోతే రెండోది పని అందుకోవాలి. పడిపోయింది లేచాక రెండూ మళ్ళీ ఒకే మాట మీదికి రావాలి. కొన్ని రోజులు ఇక్కడ, కొన్ని రోజులు అక్కడ ఉంటూ ఆ రెంటినీ కనిపెట్టుకోవడం మేష్టారి ఉద్యోగం. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి, కుర్చీ ఖాళీ అయితే ఫోన్ చేసి పిలవడం నా ఉద్యోగం.

ఆయన ఆ రెంటినీ పెద్దది, చిన్నది అనేవారు, ఇంట్లో ఆడపిల్లల్ని అన్నట్టు. "పెద్దది పడుకుంటే సిన్నది లెగిసి పని సేసీస్తాది. దానికేటీ ఇబ్బంది నేదు. పెద్దది లెగిసినాక ఇద్దరి సేతా ఒకే మాట సెప్పించాలి సూడు, అక్కడున్నాది తిరకాసు," అనేవారు.

ఆయన లెక్కపెట్టడం చూసి కొత్తవాళ్ళు నవ్వేవారు. తెర మీద వరసలు లెక్కపెట్టాలంటే, "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టేవారు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటారు కదా, ఆ అలవాటు. అమ్మమ్మగారి కళ్ళంలో నేర్చుకున్నారట. మావాళ్ళెవరో ఆటపట్టిస్తే, "సర్వరు సున్నాతో మొదలెడతాది, మీరు ఒకటితో మొదలెడతారు, నాను లాభంతో మొదలెడతాను. ఆఖరికి అందరికీ లెక్క కలిసిందా నేదా, అది సూడండి," అన్నారు. కలిసేది కూడా.

తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న లావు పెన్సిలు. స్టీలు సీసాలో చోడంబలి, రాగులతో కాచింది. దాన్ని గుటకలేస్తూ తెర వంక చూస్తుంటే పొలం గట్టు మీద కూర్చున్న మనిషిలా ఉండేవారు. నెలకో శనివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెనక గదిలోకెళ్ళి పెద్దదాని కేబులు పీకేసేవారు. చిన్నది లేస్తుందా లేదా అని పరీక్ష. దానికి ఉత్తుత్తి సావు అని పేరు పెట్టారు. మేనేజరు లబోదిబోమంటూ వచ్చేసరికి చిన్నది లేచి పని చేస్తూ ఉండేది. ఆయన కేబులు మళ్ళీ తగిలించి, సంచీలోంచి చేగోడీల పొట్లం తీసి అందరికీ పంచేవారు. "నిజం సావు ఒచ్చినప్పుడు మీకు సేగోడీలు ఎవులూ ఎట్టరు. ఇప్పుడే తినీండి," అనేవారు. ఈ మాటకి మేమందరం నవ్వేవాళ్ళం. నేనే ఎక్కువ నవ్వేదాన్ని.

కేబులు తగిలించాక అసలు పని మొదలయ్యేది. రెండు ప్రతుల్లో ఎక్కడెక్కడ తేడా ఉందో కంప్యూటరే కాగితం తీసి ఇస్తుంది. సరిచేయడం కూడా అదే చేస్తుంది, ఏది ఆఖరున రాస్తే అదే నిజమని. మేష్టారికి అది గిట్టదు. గంట చూసి నిజం తేల్చకూడదు, మనిషిని అడిగి తేల్చాలనేవారు. ఆయన నాన్న నెల్లిమర్ల జూటు మిల్లులో దారాలు చూసేవాడట. "మగ్గం మీద దారం తెగితే రెండు కొసలూ సేతిలోకి వచ్చినాక గాని ముడి ఎయ్యకూడదు. ఒక కొస సూసి ముడేసినోడి గోనె సంచి బజార్లో పిగిలిపోద్ది," అనేవాడట. అందుకని ఆయనొక పద్ధతి పెట్టారు. చిన్నదాని తరఫున ఒక మనిషి, పెద్దదాని తరఫున ఒక మనిషి ఎదురెదురుగా కూర్చోవాలి. ఆయన ఒక్కొక్క పేరూ పైకి చదువుతారు. నేను జవాబు చెప్పాలి. అనుమానమొస్తే ఇంటికి ఫోన్ చేసి అడగాలి. అప్పుడు గాని టిక్కు పడదు.

నేను "ఉంది" అంటే ఆయన ప్రతిసారీ ఒకటే అడిగేవారు. "ఉంది అంటే? పేరు ఉన్నాదా, మనిషి ఉన్నాదా?"

మొదట్లో విసుగేసేది. ఒకసారి పైకే అన్నాను, ఇంత చాదస్తమేంటి మేష్టారూ అని. ఆయనకి కోపం రాలేదు. "నేకపోడం రెండు రకాలు పాపా," అన్నారు. "ఒకటి, పోనాడు గనక నేడు. రెండోది, ఇంకా రానేదు గనక నేడు. కాగితం మీద రెండూ ఒక్కలాగే కనబడతాయి. మనం తప్పు సదివితే, ఉన్నోడి కుర్సీ లాగీసినోళ్ళమవుతాం, నేదా పోనోడికి కుర్సీ ఏసి కూకోబెట్టినోళ్ళమవుతాం."

ఈ రెండోది జరక్కుండా ఒక ఏర్పాటు ఉండేది. చనిపోయినవాళ్ళ పేరు తీసేస్తే ఆ చోట ఒక గుర్తు మిగులుతుంది. పడిపోయిన ప్రతి లేచి వచ్చి "నా దగ్గర ఈ పేరు ఉందే, నీ దగ్గర లేదేం?" అని అడిగితే, "మేం తీసేశాం, నువ్వూ తీసెయ్" అని చెప్పడానికి ఆ గుర్తు. అది పది రోజులు ఉండి, తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది. పది రోజులకి మించి ఏ ప్రతీ పడుకుని ఉండదన్న ధైర్యంతో మేష్టారే ఆ పది పెట్టారు. గుర్తు చెరిగిపోయాక పాత ప్రతి లేచి వస్తే దానికి చెప్పేవాళ్ళుండరు. పోయినవాళ్ళ పేర్లు దాంట్లోంచి మళ్ళీ రెండో ప్రతిలోకి కొత్తగా ఎక్కేస్తాయి.

మా అమ్మ కూడా ఆ జాబితాలో మనిషే. మూడేళ్ళు. మంగళవారం, శుక్రవారం, పొద్దున్న ఆరు గంటలు. ఊరు ఉద్దానంలో గనక అక్కడి సెంటర్లోనే కుర్చీ. పేరు సింహాచలం. మా వైపు ఆడకీ మగకీ కూడా ఆ పేరు పెడతారు, మా జాబితాలోనే ముగ్గురుండేవారు. అమ్మకి ఫోను లేదు. నా నంబరే ఇచ్చాం. సోమవారం, గురువారం సాయంత్రాలు నా ఫోనుకి మెసేజీ వచ్చేది. రేపు ఉదయం ఆరు గంటలకు సింహాచలం గారి వంతు, టిఫిన్ చేసి రండి, అని. నేను పక్కింటి వాళ్ళకి ఫోన్ చేసి అమ్మని పిలిపించేదాన్ని. "తెలుసులేవే, మూడేళ్ళనుంచీ ఎల్తన్నాను, దారి నాకు తెల్దేటి?" అని విసుక్కునేది. అయినా మానలేదు నేను, ఆవిడా ఫోను దగ్గరికి రావడం మానలేదు. మాట్లాడుకోడానికి మా ఇద్దరికీ అదొక వంక.

ఆ మూడో ఏడు తుపాను వచ్చింది. తీరమంతా కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. మా ఆఫీసు వెనక గదిలోకి మోకాలి లోతు నీళ్ళు. పెద్దది పడుకుంది. మేష్టారు నేర్పినట్టే చిన్నది లేచింది. ఉద్దానం సెంటర్లో మిషన్లు ఆగిపోతే, కదలగలిగినవాళ్ళని వాన్లలో విజయనగరం పంపారు. అమ్మ కూడా వెళ్ళింది. పడిపోయిన చెట్లు నరుక్కుంటూ వెళ్ళిన ఆ వాను చేరేసరికి అమ్మకి వంతు తప్పి రెండు రోజులయింది. తుపాను వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మిషను మీదే పోయింది. నాకు తెలిసేసరికి సాయంత్రం. నేను దగ్గర లేను. దీని గురించి ఇంతకంటే రాయలేను.

పన్నెండో రోజు కార్యం అయ్యింది. రెండు రోజుల ముందే ఆఫీసులో కరెంటు వచ్చింది, మనుషులు లేక ఆగారు. ఆ మర్నాడే పెద్దదాన్ని లేపాలని కబురొస్తే, తలంటి పోసుకుని, నల్లపూసలు సర్దుకుని ఆఫీసుకెళ్ళాను. రానక్కర్లేదనే అన్నారు అందరూ. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను. తుపాను వచ్చి పద్నాలుగు రోజులు దాటింది. మేష్టారు కంగారుగా రెండు బస్సులు మారి విజయనగరం నుంచి ఆ పూట దిగేసరికే పెద్దదాన్ని ఎవరో తీగకి తగిలించేశారు. రెండూ మాట్లాడేసుకున్నాయి. గుర్తులు చెరిగిపోయిన నాలుగు పేర్లు తిరిగొచ్చేశాయి.

నేను నా కుర్చీలో కూర్చోబోతుంటే ఫోను మోగింది. ఆ రోజు సోమవారం, అప్పటికే సాయంత్రమైంది. రేపు ఉదయం ఆరు గంటలకు సింహాచలం గారి వంతు, టిఫిన్ చేసి రండి.

దాన్ని ఎన్నిసార్లు చదివానో. పిచ్చితనమని తెలుసు. ఈ పని చేసేదాన్ని, ఆ మెసేజీ ఎలా వస్తుందో నాకు తెలియకపోవడమేమిటి? తెలిసీ నా ఒళ్ళు తేలికపడింది. పదిహేను రోజుల్లో మొదటిసారి అమ్మని పిలిపించాలని చెయ్యి నంబరు వెతికింది.

మేష్టారు చోడంబలి సీసా పక్కన పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. నా తల మీద చెయ్యి వేసి తీశారు. చిన్నదాని పాత నకలు కాగితం ఆయన దగ్గర, పెద్దదాని తెర నా దగ్గర. నూటికి పైగా తేడాలు. లాభం, రెండు, మూడు అని మొదలయింది. చిన్నదాంట్లో లేకుండా పెద్దదాంట్లోనే ఉన్న పేర్లు ఆఖర్న వచ్చాయి. నాలుగు. మొదటి మూడిళ్ళకి ఫోన్ చేశాను. ముగ్గురూ పోయారనే చెప్పారు. తీసేశాం. నాలుగో పేరుకి ఇంటి నంబరు గడిలో నా నంబరే ఉంది. ఆ గడి నా తెర మీదే కనబడుతుంది, ఆయనకి కనబడదు.

"సింహాచలం, ఆడమనిషి, మంగళవారం, శుక్రవారం, ఉదయం ఆరు," చదివారు మేష్టారు. "నా కాడ నేదు. నీ కాడ?"

"ఉంది."

"ఉంది అంటే? పేరు ఉన్నాదా, మనిషి ఉన్నాదా?"

"మనిషి ఉంది," అన్నాను.

పెన్సిలు కాగితం మీద కాసేపు ఆగింది. ముగ్గురు సింహాచలాల్లో ఇది మా అమ్మ అని ఆయనకి తెలియదు, కాగితంలో ఊరు కూడా లేదు, అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన ఎర్ర కొసతో టిక్కు పెట్టారు. "సరే పాపా," అని కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న ఆరు గంటలకి, అప్పటికి మళ్ళీ తెరిచిన ఉద్దానం సెంటర్లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. తొమ్మిదింటికి అక్కడి టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "మేడమ్, అమ్మగారి పేరు లిస్టులో వస్తన్నాదండి," అన్నాడు, ఎంతో మెల్లగా. చూస్తానన్నాను. "అలాగేనండి. ఏటీ అనుకోకండి," అన్నాడు. తల్లి పోయినదాన్ని ఇంతకంటే ఏం అడుగుతాడు పాపం? మళ్ళీ అడగలేదు. జాబితాలో పేరు లేనివాణ్ణి మిషను మీద పడుకోబెట్టే అధికారం అతనికి లేదు.

ఆ సెంటరు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే అతనిది. ముప్పై దాటి ఉంటాయి. ఇద్దరు పిల్లలు. ఎక్కడో దూరంగా వారానికొక్క వంతుతో నెట్టుకొస్తున్నాడు. బుధవారం అతనే ఫోన్ చేశాడు.

"మేడమ్, నా వంతు ఎప్పుడొస్తాదండీ? కాళ్ళు సానా పొంగిపోనాయి."

"ఖాళీ లేదండి," అన్నాను.

"సరే మేడమ్. కాలీ అయితే ఒక్క ఫోను సెయ్యండి. సెల్లు జేబులోనే ఎట్టుకుంటాను, పడుకున్నా తియ్యను."

ఖాళీ ఉంది. మంగళవారం ఉంది, శుక్రవారం ఉంది, మళ్ళీ మంగళవారం ఉంది. మూడు పొద్దులు ఆ మిషను ఊరికే నిలబడింది. గురువారం సాయంత్రం, సోమవారం సాయంత్రం నా ఫోనుకి మెసేజీ వచ్చింది. మూడు పొద్దులూ ఆరింటికి నాకు మెలకువ వచ్చింది, ఈపాటికి అమ్మ సెంటర్లో చెప్పులు విప్పుతూ ఉంటుంది అనుకునేదాన్ని. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. చెప్పడానికి నోరు తెరిస్తే ఏ మాట బయటికొస్తుందో నాకు తెలుసు, దాన్ని లోపలే అదిమిపెట్టాను.

రెండో గురువారం మేష్టారు బస్సు దిగి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన రావలసిన రోజు కాదది. చొక్కా చెమటకి ఒంటికంటుకుపోయింది.

"పాపా, సింహాచలం పేరు తీసేస్తన్నాను," అన్నారు.

నేను తలెత్తలేదు. "సరేనండి," అన్నాను.

ఇంకా ఏదో వినబడుతుందేమోనని ఒక క్షణం నిలబడ్డారు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళిపోయారు. నేను కొబ్బరి దింపు అతనికి ఫోన్ చేశాను. ఎత్తింది అతని భార్య. పొద్దున్నే ఊపిరాడకపోతే ఆటోలో వేసుకుని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. "కాలీ అయినాదాండీ?" అని అడిగింది. అయిందన్నాను.

అతను ఆ గండం గట్టెక్కాడు. తిరిగొచ్చి మా అమ్మ కుర్చీలోనే ఎనిమిది నెలలు డయాలసిస్ చేయించుకున్నాడు. ఎండాకాలం ఆఖర్లో పోయాడు. ఆ మూడు వంతులూ సమయానికి దొరికి ఉంటే ఇంకెంత కాలం ఉండేవాడో ఏ డాక్టరూ చెప్పలేడు. అడిగాను. చెప్పలేమన్నారు.

ఆటోలో తీసుకెళ్ళిన వారమే ఆఫీసులో మీటింగు పెట్టారు. మేనేజరు మంచివాడే గాని ఆ రోజు పైనుంచి చీవాట్లు తిని ఉన్నాడు. మనిషి పోయిన కుర్చీ మూడు వంతులు ఎందుకు ఖాళీగా ఉందని అడిగాడు.

మేష్టారు లేచి నిలబడ్డారు. "నాదే తప్పు. గుర్తు పది రోజులు పెట్టినాను. మన ఇళ్ళల్లో పోనోళ్ళని పన్నెండు రోజులు ఉంచుకుంటారు. ఆ లెక్క పెట్టినా సరిపోను. నాను పదే ఉంచినాను."

"అది సరే మేష్టారూ. ఇద్దరూ కూర్చుని చదివారుగా? అప్పుడెందుకు దొరకలేదు?"

నా ముందు గ్లాసులో నీళ్ళున్నాయి. వాటి వంకే చూస్తూ కూర్చున్నాను. మేష్టారు సంచీలోంచి ఆ కాగితం తీసి మేనేజరు ముందు పెట్టారు. "ఇదిగో, టిక్కు. నాను పెట్టిందే. తప్పు పెట్టినాను," అన్నారు. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. నా పేరు లేదు, అంతే.

రెండు నెలలకి కాంట్రాక్టు అయిపోయింది. మళ్ళీ ఇవ్వలేదు. ఆఖరి రోజు బస్సు కాంప్లెక్సు దాకా నేనూ వెళ్ళాను. విజయనగరం బస్సు కిటికీలోంచి, "బాగా సిక్కిపోనావు. తిను," అన్నారు. బస్సు కదిలాక, "ఎప్పుడైనా ఫోను సెయ్యి పాపా," అన్నారు. చేస్తానన్నాను. ఏడాది పైన బతికారు ఆ తర్వాత. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదంటే, చేస్తే మొదట ఏం చెప్పాలో తెలుసు గనక.

ఆయన పన్నెండో రోజుకి నెల్లిమర్ల వెళ్ళాను. రేకుల వరండాలో వంటలు అవుతున్నాయి. ఆయన భార్య నన్ను ఇదివరకు చూడలేదు. పేరు చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది.

"సీకాకులం పిల్లవి నువ్వేనా?" అంది. "మీ యమ్మ పోనప్పుడు ఈయన అక్కడే ఉన్నారమ్మా. తుపానుకి డ్యూటీకి ఎవులూ రానేదంట, మేడ మీద ఈయనొక్కరే. మీ యమ్మ పేరు ఈయన సేత్తోనే తీసినారు. ఇంటికొచ్చి అన్నం ముట్టనేదు."

అంటే ఆయనకి తెలుసు. "మనిషి ఉన్నాదా?" అని నన్ను అడిగినప్పుడు తెలుసు. ఎర్ర కొసతో టిక్కు పెట్టినప్పుడూ తెలుసు.

"నువ్వు ఉందన్నావంట కదా. మరి తీసీకపోయారా అన్నాను నాను. 'రెండ్రోజులుండనీ, అదే సెప్తాది. దాని సేతే తియ్యించాలి, నాను లాగీకూడదు' అన్నారు. రోజూ ఫోను పక్కనెట్టుకుని కూకునీవోరు. నువ్వు సెయ్యనేదు. ఆలోగా ఆ అబ్బాయికి మీదికొచ్చీసింది." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కొబ్బరబ్బాయి పోనాడని తెలిసి ఆల ఊరు ఎల్లొచ్చినారు. ఒచ్చి ఈ మంచం మీదే అటు తిరిగి పడుకున్నారు. ఏటన్నారు ఆలు అంటే సెప్పనేదు. నువ్వు తిన్నాక ఎల్దువుగాని, కూకో."

తిన్నానో లేదో నాకు గుర్తులేదు. మర్నాడు పలాస వెళ్ళే బస్సెక్కాను. కొబ్బరి దింపు అతని ఊళ్ళో దిగి ఇల్లు అడిగితే ఒక పిల్ల చూపించింది. తుపానుకి పడిన చెట్ల మొదళ్ళు పెరట్లో ఇంకా అలాగే ఉన్నాయి. అతని భార్య జీడిపిక్కలు కొడుతోంది. నల్లగా జీడి అంటిన వేళ్ళు. నేనెవరో చెప్పాను. ఫోనులో విన్న నా గొంతు గుర్తుపట్టింది.

"మీ ఆఫీసు నుంచి పెద్దాయన ఒచ్చినారు, ఈయన పోనాక," అంది పని ఆపకుండానే. "తప్పు నాదే అమ్మా, నా వల్లే మీ ఆయనకి మూడు వంతులు అందనేదు అని, నా కాళ్ళ ముందు కూకున్నారు. నాకు ఒళ్ళు తెలీనేదు. నోటికి ఎంతొస్తే అంతా అనీసినాను. మట్టి తీసి మీద ఇసిరినాను. లెగనేదు ఆయన. అన్నీ ఇని, దండం ఎట్టి ఎల్లిపోనారు." సుత్తి పక్కన పెట్టింది. "తర్వాత బాధేసింది. పెద్ద మనిషిని. ఎలాగున్నారాయన?"

"పోయారమ్మా. నిన్ననే పన్నెండో రోజు."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు చెప్పాను. మా అమ్మ పోయింది, అని మొదలుపెట్టాను. ఆ మాట అంతవరకూ ఎవరితోనూ నా నోటితో అనలేదని అన్నాక గాని తెలియలేదు. మెసేజీ గురించి చెప్పాను. మనిషి ఉందన్న సంగతి చెప్పాను. మీ ఆయన ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నది నేనేనని చెప్పాను. ఆయన తప్పు కాదమ్మా అది, నాది, ఆ రోజు ఆయన్ని అన్నవన్నీ నాకు రావలసిన మాటలు, నన్ను అనండి, అన్నాను.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమె మళ్ళీ సుత్తి తీసుకుని ఒక జీడిపిక్క రాయి మీద పెట్టింది గాని కొట్టలేదు.

"ఇప్పుడు నా దగ్గర ఏటీ నేవమ్మా," అంది. "ఉన్నయ్యన్నీ ఆయన్నే అనీసినాను."